పుల్లీ పలుకు

నాకు చూపు పోతోందన్న సంగతి నాకంటే ముందు మా మిస్త్రీ కనిపెట్టాడు.

రాయ్‌పూర్ నుంచి ధర్సీవా వెళ్లే దారిలో ఒక పోత ఇనుము కార్ఖానాలో నేను పదకొండేళ్లు అచ్చులు కట్టాను. రైసుమిల్లులకీ పిండిమరలకీ కావలసిన పుల్లీలు అక్కడ పోసేవాళ్లం. బెల్టు పట్టుకుని తిరిగే ఇనప చక్రాలన్నమాట. చిన్నవి పళ్లెమంత, పెద్దవి ఎడ్లబండి చక్రంలో సగమంత. తడి ఇసుకలో కొయ్య నమూనా పెట్టి, చుట్టూ గట్టిగా కూరి, నమూనాని మెల్లిగా పైకి తీస్తే ఇసుకలో దాని ఆకారం మిగులుతుంది. అందులో కరిగిన ఇనుము పోస్తారు. ఇసుక పిసరంత రాలినా చక్రం పాడే. నా అచ్చులు రాలేవి కావు. ఆ ఒక్క విషయంలో నాకు కొంచెం గర్వం ఉండేది.

ఒక సాయంత్రం పోత అయిపోయాక మిస్త్రీ నన్ను పక్కకి పిలిచాడు. ఆయనది ధర్సీవా దగ్గరే ఒక ఊరు. మామూలుగా ఛత్తీస్‌గఢీ మాట్లాడతాడు, కోపం వస్తే హిందీలోకి దిగుతాడు. ఆ రోజు హిందీలోనే మొదలుపెట్టాడు.

"నువ్వు కాళ్లతో తడుముకుంటూ నడుస్తున్నావు. ఎన్నాళ్ల నుంచి?"

"ఏం లేదు ఉస్తాద్. అలసట."

"అబద్ధం. ఇందాక కరిగిన ఇనుము మోసుకొస్తున్న వాళ్లకి అడ్డంగా నడిచావు. వాళ్లు ఆగారు కాబట్టి సరిపోయింది. రేపు డాక్టరు దగ్గరికి పో. చీటీ తెస్తేనే లోపలికి రానిస్తాను."

డాక్టరు కాలా మోతియా అన్నాడు. తెలుగులో దాన్నే నీటికాసులంటారని మా నాన్న చెప్పాడు. కంటిలో ఒత్తిడి పెరిగి, నొప్పీ గిప్పీ లేకుండా అంచుల నుంచి చూపుని కొరుక్కుంటూ వచ్చిందట. పోయింది తిరిగిరాదు, ఉన్నది కాపాడుకుందాం అన్నాడు. మందులు వేశాం, ఆపరేషన్ అయింది. అయినా రెండేళ్లు తిరిగేసరికి నా ముందు పొగమంచు లాంటి బూడిదరంగు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పటికి నాకు ముప్ఫై నాలుగేళ్లు.

కార్ఖానా యజమాని, మేమంతా సేఠ్ అనేవాళ్లం, మర్యాదగానే సాగనంపాడు. "ఇది నిప్పుతో పని. నీ ప్రాణం నా మెడకి చుట్టుకుంటుంది," అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

మా ఇల్లు రైల్వే కాలనీ వెనక సందులో. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. స్టేషన్లో బండి ఆగగానే చక్రాలని సుత్తితో కొట్టుకుంటూ పోయి, ఏ చక్రంలో పగులుందో చెప్పడం ఆయన పని. రిటైరయ్యాక మాతోనే ఉండేవాడు. నా చూపు పోయాక నాకు గడ్డం గీసింది ఆయనే. డెబ్భై ఏళ్ల తండ్రి ముప్ఫై నాలుగేళ్ల కొడుకు మొహం పట్టుకుని గడ్డం గీస్తుంటే, ఆయన చేతికంటే నా మొహమే ఎక్కువ వణికేది. ఏడాదిన్నర అలా గడిచింది. మంచం నుంచి స్నానాలగదికి ఎన్ని అడుగులో నాకు తెలుసు. అది తప్ప ఇంకేమీ తెలుసుకోవాలనిపించేది కాదు.

నా భార్య ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. కుట్టించుకోవడానికి వచ్చిన ఒకావిడ, వికలాంగులకి పని నేర్పించి ఉద్యోగాలు చూపించే కేంద్రం ఒకటి ఊళ్లో ఉందని చెప్పింది. ఆ సాయంత్రం నా భార్య మిషను ఆపి నా మంచం దగ్గరికొచ్చింది.

"రేపు అక్కడికెల్దాం."

"ఎందుకు? కొవ్వొత్తులు చెయ్యడం నేర్పుతారు. నావల్ల కాదు."

"మరేటి, ఇలాగే మంచం మీద కూకుంటారా? కళ్లు పోనాయి. చేతులు పోనేదు గదా!"

మా పెళ్లయిన పదేళ్లలో ఆమె నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. వంటింట్లో నాన్న చేతిలో గ్లాసు చప్పుడు ఆగిపోయింది. నేను సరేనన్నాను. ఒప్పుకోవడం తేలిక, ఆమె గొంతు మళ్లీ అలా వినడం కష్టం.

కేంద్రంలో నన్ను అప్పగించిన మేడమ్ గొంతు గరుకుగా ఉండేది, లవంగం నములుతూ మాట్లాడేది. నా జబ్బు గురించి అడగలేదు. నా ముందు బల్ల మీద ఏదో పెట్టి, "కెటిల్లో చాయ్ ఉంది, పక్కన కప్పుంది. పోసుకోండి," అంది.

"నేనా?"

"ఇక్కడ ఇంకెవరున్నారు? కప్పు అంచు మీద వేలు పెట్టండి. వేడి తగలగానే ఆపండి."

వేలు కాలింది. చాయ్ బల్ల మీద పారింది. కానీ సగం కప్పు నిండింది. ఏడాదిన్నరలో నా అంతట నేను చేసుకున్న మొదటి పని ఆ సగం కప్పు చాయ్. నా భార్య పక్కనే కూర్చుని ఉంది. సాయం చెయ్యడానికి ఆమె చెయ్యి లేచిన గాజుల చప్పుడూ, మేడమ్ "ఊఁహూఁ" అనగానే ఆ గాజులు మళ్లీ కిందికి దిగిన చప్పుడూ నాకు వినిపించాయి.

అప్పటి నుంచి మూడు నెలలు తెల్లకర్రతో నడక నేర్చుకున్నాను. కర్రతో నేలని తట్టడం కాదు, ఎడమ కాలు వేసేటప్పుడు కుడివైపు, కుడి కాలు వేసేటప్పుడు ఎడమవైపు ఊపుతూ, రాబోయే అడుగుకి చోటు వెతకడం. ముందు కేంద్రం ఆవరణలో, తర్వాత సందుల్లో, తర్వాత బజారులో. చివరికి ఒకరోజు మేడమ్ పరీక్ష పెట్టింది.

"ఇంటి నుంచి ఒంటరిగా టాటీబంధ్ వెళ్లండి. చౌరస్తా దాటి అవతలి వైపు చాయ్ దుకాణంలో చాయ్ తాగండి. తిరిగి రండి."

టాటీబంధ్ అంటే కళ్లున్నవాళ్లే దేవుడికి దణ్ణం పెట్టుకుని దాటే చోటు. నాలుగు దిక్కుల నుంచీ లారీలు. అప్పటికింకా పైన వంతెన లేదు. ఆటో దిగి ఇవతలి అంచున నిలబడ్డాను. లారీలు వెళ్తుంటే నేల కాళ్ల కింద అదిరేది. కొంత సేపు ఆగి ముందుకి అడుగు వేశాను, హారను మోగగానే వెనక్కి వేశాను. అలా మూడుసార్లు. నాలుగోసారి, పక్కన బీడీ వాసన వస్తున్న మనిషిని అడిగాను. "భైయా, దాటిస్తారా?" ఆయన నా రెక్క పట్టుకోబోయాడు. మేడమ్ నేర్పినట్టుగా, "మీ మోచెయ్యి నేను పట్టుకుంటాను, మీరు ముందు నడవండి," అన్నాను. ఆయన నడిచాడు. దాటేశాం.

ఆ చాయ్ నేను తాగిన చాయ్‌లలోకెల్లా గొప్పదని చెప్పను. చక్కెర ఎక్కువ. కానీ గ్లాసు పట్టుకుని అక్కడ నిలబడి నేను పైకే నవ్వాను. తిరిగొచ్చి, చివరికి సాయం అడిగి దాటానని కాస్త సిగ్గుపడుతూ చెప్తే, మేడమ్, "అడగడం కూడా దాటడమే," అంది. ఆ పూట అంతా ఆవిడ నా వెనక పది అడుగుల దూరంలోనే ఉందని చాలా రోజుల తర్వాత తెలిసింది.

తర్వాత పని సంగతి వచ్చింది. నేను భయపడ్డట్టే కొవ్వొత్తులూ, కుర్చీలకి కేను అల్లడమూ, టెలిఫోను దగ్గర కూర్చునే ఉద్యోగమూ చెప్పారు. అవి తక్కువ పనులని కాదు. ఆ పనులు బాగా చేసేవాళ్లు నా పక్కనే నేర్చుకుంటున్నారు. కానీ నాకు చేతులు మొరాయించాయి.

"నేను ఇనుము మనిషిని మేడమ్," అన్నాను.

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కాగితం లాగిన చప్పుడు వినిపించింది. "అయితే చెప్పండి. పొద్దున ఎనిమిదికి మీ కార్ఖానా గేటు తెరుస్తారు. అక్కడి నుంచి సాయంత్రం దాకా ఏ పని, ఎవరు, దేంతో చేస్తారు? ఒక్కటీ వదలకండి."

చెప్పాను. ఇసుక జల్లించడం, అచ్చు కట్టడం, పోత, చల్లారాక చక్రాల్ని ఇసుకలోంచి బయటికి తియ్యడం, అంచులు గ్రైండరుతో నున్నగా చెయ్యడం. ప్రతిదానికీ ఆవిడ "ఇందులో చూపు ఎక్కడ కావాలి?" అని అడిగేది. చివరికి వచ్చేసరికి, "ఆఖర్న పగుళ్లున్నాయేమోనని చూస్తారు," అన్నాను.

"చూసి ఎలా చెప్తారు?"

"కిరసనాయిలు పూసి తుడిచి, పైన సుద్దపొడి చల్లుతారు. పగులుంటే లోపలి నూనె పైకి ఊరి, సుద్ద మీద గీతలా తేలుతుంది. కానీ దానికి టైము పడుతుంది. అన్నింటికీ చెయ్యరు. అనుమానం వచ్చిన వాటికే. చాలా పుల్లీలు ఊరికే అలా…"

అలా అంటూ ఆగిపోయాను. మా నాన్న ముప్ఫై ఏళ్లు చేసిన పని నాకప్పుడు గుర్తొచ్చింది. ఆయన చక్రాల్ని కళ్లతో చూసేవాడు కాదు. కొట్టి వినేవాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి నాన్నని అడిగాను. ఆయన లేచి వెళ్లి పక్కింటి నుంచి సుత్తి, వంటింటి నుంచి ఇనప రోలు లాంటివేవో తెచ్చి నా ముందు పెట్టాడు.

"గట్టిగా పట్టుకోకురా. వదులుగా పట్టు. దెబ్బేసి చెయ్యి తీసెయ్. బాగున్న ఇనుము గంటలాగ సాగుతాది. పగులున్నది దగ్గుతాది. నువ్వు చెప్పక్కర్లేదు, అదే చెప్తాది."

మేడమ్‌తో కలిసి పాత కార్ఖానాకి వెళ్లాను. సేఠ్ మొదట జాలిగా మాట్లాడాడు. ఆవిడ జాలి అడగలేదు. "మీ పుల్లీలు తిరిగి వస్తున్నాయా?" అని అడిగింది. సేఠ్ వస్తున్నాయన్నాడు. ఆ మధ్యే అభన్‌పూర్‌లో ఒక రైసుమిల్లులో పుల్లీ పగిలి ముక్క గోడలో దిగబడిందట. అదృష్టం, అక్కడ మనుషుల్లేరు. "వారం రోజులు ఇతనికి పరీక్ష పెట్టండి. పనికిరాకపోతే నేనే తీసుకెళ్లిపోతాను," అంది మేడమ్.

మిస్త్రీకి ఇది నచ్చలేదు. "గుడ్డివాణ్ణి నిప్పు దగ్గరికి తెస్తారా? వీడు నా మనిషి. వీడికేమైనా అయితే వీడి పెళ్లానికి ఎవరు సమాధానం చెప్తారు?" అని నా ఎదుటే అరిచాడు. ఆ కోపంలో ప్రేమ కూడా ఉందని నాకు తెలుసు. అయినా మనసు చివుక్కుమంది.

మొదటి రోజు ఘోరంగా ఓడిపోయాను. మిస్త్రీ ముప్ఫై పుల్లీలు పేర్పించాడు. అందులో ఐదు పగిలినవని ఆయనకి ముందే తెలుసు. నేను ఒకటి పట్టుకున్నాను. పైగా మూడు మంచివాటిని పగిలినవన్నాను. బస్సులో తిరిగి వస్తుంటే మేడమ్ అడిగింది: "మీ నాన్నగారు కొట్టే చక్రాలు ఎలా ఉండేవి? నేల మీద పడి ఉండేవా?"

"లేదు. బండికి బిగించి ఉండేవి."

"మీ పుల్లీలు?"

అప్పుడర్థమైంది. అవి ఇసుక నేల మీద పడుకుని ఉన్నాయి. గంటని నేల మీద పెట్టి కొడితే మోగుతుందా? దానికి తోడు పక్కనే గ్రైండరు రొద.

మర్నాడు మేడమ్ సేఠ్‌ని అడిగి పనికిరాని ఇనప ముక్కలతో ఒక స్టాండు వెల్డింగు చేయించింది. నడుమ అడ్డంగా ఒక కడ్డీ. పుల్లీ మధ్య రంధ్రంలో కడ్డీ దూర్చితే చక్రం గాలిలో వేలాడుతుంది. స్టాండుని గ్రైండరుకి దూరంగా, గోడ వెనక్కి మార్చారు. కొత్తగా మళ్లీ ముప్ఫై పుల్లీలు తెచ్చారు. ఈసారీ ఐదు పగిలినవని మిస్త్రీ లెక్క. ఒక్కొక్కటీ కొట్టాను. అంచు మీద నాలుగు చోట్ల, మధ్య నుంచి అంచుకి పోయే ఆకుల మీద ఒక్కో దెబ్బ. ఈసారి ఇనుము పలికింది. మంచి చక్రం పలికితే ఆ శబ్దం నా పళ్లలోకి కూడా వచ్చేది. పగిలింది 'టక్' మని అక్కడే పడిపోయేది. పదకొండేళ్లు అలాంటివాటికి నా చేతులతో అచ్చులు కట్టాను. ఏ ఆకు దగ్గర ఇనుము ముందు చల్లారి బిగుసుకుంటుందో, పగులు ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. అక్కడ ఇంకోసారి కొట్టి విన్నాను. చూపు పోతే చెవులు పెరుగుతాయని జనం అంటారు. నాకేమీ పెరగలేదు. తెలిసిన పనిని ఇంకో దారిలో చేశాను, అంతే.

ఐదు పక్కన పెట్టాను. మిస్త్రీ లెక్క చూసుకున్నాడు.

"నాలుగు సరిగ్గా పట్టావు. ఒకటి వదిలేశావు. ఈ ఐదోది మంచిదే, పగులు లేదు."

"ఉంది ఉస్తాద్. మూడో ఆకు మొదట్లో."

"నేను చూశానురా."

"కిరసనాయిలు పూయండి."

పూశారు. తుడిచారు. సుద్ద చల్లారు. గ్రైండరువాడు మిషను ఆపినట్టున్నాడు. కొంత సేపటికి మిస్త్రీ నా చూపుడువేలు పట్టుకుని ఆకు మొదట్లో పెట్టి, మెల్లిగా జరిపాడు. తడిగా ఒక గీత. వెంట్రుకంత.

"ఉందిరా," అన్నాడు ఛత్తీస్‌గఢీలో.

నేను పట్టుకోలేక వదిలేసింది మాత్రం అప్పుడే ఇసుకలోంచి తీసిన పుల్లీ. ఇంకా వెచ్చగా ఉంది. వెచ్చటి ఇనుము నిజం చెప్పదని ఆ రోజు నేర్చుకున్నాను. పూర్తిగా చల్లారితే తప్ప ముట్టుకోనని మర్నాడే నియమం పెట్టాను. అలా నియమం పెట్టగలిగినందుకు ఎంత సంతోషమనిపించిందో చెప్పలేను. పని తెలిసినవాణ్ణే నియమాలు పెట్టనిస్తారు.

మేడమ్ మూడు వారాలు రోజూ కార్ఖానాకి వచ్చింది. చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ తిరిగింది. గేటు నుంచి నా స్టాండు దాకా గోడ వెంబడి నడుము ఎత్తున ఇనప గొట్టం పెట్టించింది. చెయ్యి వేసుకుని నడిస్తే సరిపోతుంది. ఆ దారిలో ఎవరూ సామాను పెట్టకూడదని ఒప్పించింది. కరిగిన ఇనుము మోసేటప్పుడు "వస్తోంది!" అని అరవాలని అందరికీ చెప్పింది. అది చివరికి అందరికీ పనికొచ్చింది. కళ్లున్న ఇద్దరు అంతకుముందు ఏడాదే కాళ్లు కాల్చుకున్నారు.

నేను బాగున్నాయని చెప్పిన పుల్లీల మధ్య బొడ్డు మీద ఉలితో మూడు చుక్కలు కొట్టేవాణ్ణి. సుద్దతో గీత గీస్తే నాకే తెలియదు కదా. చుక్కలైతే వేలికి తగులుతాయి.

ఏడాది సాఫీగా గడిచింది. తర్వాత ఒక వానాకాలం ఉదయం గేటు దాటగానే, అందరి మాటలూ ఆగిపోవడం గమనించాను. అభన్‌పూర్ మిల్లులో మళ్లీ పుల్లీ పగిలింది. ఈసారి ఒక కూలీ చెయ్యి చీరుకుపోయింది. మిల్లు యజమాని పగిలిన ముక్కలు బస్తాలో వేసుకుని స్వయంగా వచ్చి సేఠ్ గదిలో అరుస్తున్నాడు.

"గుడ్డివాడితో పరీక్ష చేయించి జనాల్ని చంపుతారా?"

సేఠ్ నన్ను పిలిచి, "రేపటి నుంచి రావద్దు," అన్నాడు. గొంతు తగ్గించి, "నా వల్ల కాదు," అన్నాడు.

గొట్టం పట్టుకుని బయటికి నడిచాను. గేటు దగ్గర ఆగి మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ ఒకటే అడిగింది: "ఆ ముక్కలు మీరు ముట్టుకుని చూశారా?"

"లేదు."

"అక్కడే ఉండండి. వస్తున్నాను."

గంటలో వచ్చింది. ఇద్దరం తిరిగి లోపలికి వెళ్లాం. మిల్లు యజమాని ఇంకా అక్కడే ఉన్నాడు. నేను నేల మీద కూర్చుని బస్తా ఒంపించుకున్నాను. ముక్కల్ని ఒక్కొక్కటే తడిమాను. అంచులు, ఆకులు. చివరికి బొడ్డు ముక్క దొరికింది. వేలితో చుట్టూ తిప్పాను. మళ్లీ తిప్పాను.

"సేఠ్‌జీ, మీ వేలు ఇలా ఇవ్వండి."

ఆయన వేలు పట్టుకుని ఆ బొడ్డు మీద తిప్పాను.

"చుక్కలున్నాయా?"

సేఠ్ తనంతట తనే ఇంకోసారి వేలు తిప్పి, "లేవు," అన్నాడు.

"ఇది నేను పాస్ చెయ్యలేదు. ఇది పక్కన పెట్టిన గుట్టలోది."

అప్పుడు మిస్త్రీ బయటికి వెళ్లి సరుకు లారీకి ఎక్కించే మనిషిని తీసుకొచ్చాడు. ఆ మనిషి దాచలేదు. లారీ తొందరలో ఉంది, రెండు పుల్లీలు తక్కువ పడ్డాయి, పక్క గుట్టలోంచి పైకి బాగా కనిపించినవి రెండు తీసి వేశాడు. "చూడ్డానికి బాగానే ఉన్నాయి," అన్నాడు.

"రెండు" అన్న మాట పట్టుకుని మిల్లు యజమాని లేచాడు. రెండోది ఇంకా అతని మిల్లులో తిరుగుతోంది. వెంటనే ఫోన్ చేసి మిల్లు ఆపించాడు. సాయంత్రానికి ఆ రెండో పుల్లీ వచ్చింది. స్టాండుకి వేలాడదీసి కొట్టాను. దగ్గింది. ఈసారి దెబ్బ వెయ్యడానికి సుత్తి మిల్లు యజమాని చేతికే ఇచ్చాను. పగిలినది కొట్టించాను, పక్కనే మంచిది కొట్టించాను. రెండుసార్లు కొట్టి, మూడోసారి మంచిదాని మీద మళ్లీ కొట్టాడు. ఆ మోత పూర్తిగా ఆగేదాకా నిలబడ్డాడు. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని, "మాఫ్ కర్‌నా భాయ్," అన్నాడు.

చెయ్యి చీరుకుపోయిన కూలీకి వైద్యం తానే చేయిస్తానని సేఠ్ అందరిముందూ అన్నాడు. మర్నాటి నుంచి మూడు చుక్కలు లేని పుల్లీ గేటు దాటకూడదని బోర్డు రాయించాడు. పక్కన పెట్టినవి ఆ రోజుకారోజు పగలగొట్టి మళ్లీ కరిగించాలని మిస్త్రీ పట్టుబట్టాడు. మొదటి దెబ్బ నాచేత వేయించాడు.

ఆ తర్వాత నన్ను పర్మినెంటు చేశారు. ఇంకో రెండేళ్లకి తనిఖీ పనంతా నాకే అప్పగించి, కింద ఇద్దర్ని ఇచ్చారు. ఇద్దరికీ కళ్లు బాగా కనిపిస్తాయి. మొదటి వారం వాళ్లు కళ్లు తెరిచి కొట్టేవాళ్లు, పైన పాలిష్ చూసి మోసపోయేవాళ్లు. "కళ్లు మూసుకోండిరా," అంటే మిస్త్రీ పగలబడి నవ్వాడు.

పోయినేడు కేంద్రంలో చుట్టుపక్కల కార్ఖానాల యజమానులతో ఒక సమావేశం పెట్టారు. మేడమ్ నన్ను మాట్లాడమంది. మా సేఠ్ కూడా వచ్చాడు. నేను నాలుగు ముక్కలు చెప్పాక, వెనక వరసలోంచి ఎవరో లేచి, "ఇదంతా బాగానే ఉంది. పొరపాటు జరిగితే ఎవరిది బాధ్యత?" అని అడిగారు.

"నాదే," అన్నాను. "మీ దగ్గర కళ్లున్న వాళ్లు పొరపాటు చేస్తే బాధ్యత వాళ్లదే కదా. మాకూ అంతే ఇవ్వండి. ఎక్కువొద్దు, తక్కువొద్దు."

అప్పుడు మా సేఠ్ లేచాడు. ఆయన పది మందిలో మాట్లాడే మనిషి కాదు.

"ఇతన్ని దయతో తీసుకున్నానని అనుకునేవాణ్ణి," అన్నాడు. "నాలుగేళ్లుగా నా దగ్గర నుంచి వెళ్లిన ఒక్క పుల్లీ తిరిగి రాలేదు. ఇప్పుడు ఎవరు ఎవరి మీద దయ చూపిస్తున్నారో నాకు తెలీదు."

చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మేడమ్. ఆ రోజు ఆరుగురు యజమానులు తమ కార్ఖానాలు వచ్చి చూడమని ఆవిడకి తేదీలిచ్చారు. నాతోపాటు కర్ర పట్టడం నేర్చుకున్న ఒకతను ఇప్పుడు వాటిలో ఒకచోట పని చేస్తున్నాడు. పోలియోతో కాళ్లు చచ్చుబడ్డ ఒక అమ్మాయి ఇంకోచోట కొయ్య నమూనాలు చెక్కుతోంది. ఆమె నమూనాలతో పోసిన పుల్లీ ఒకటి పరీక్ష కోసం నా స్టాండు దాకా వచ్చింది. అంత శుభ్రంగా పలికిన ఇనుము నేను తక్కువ విన్నాను.

సమావేశం అయ్యాక గుమ్మం దగ్గర పంపులు తయారుచేసే ఒకాయన నా చెవి దగ్గరికి వచ్చి, "మా దగ్గరికి వచ్చెయ్యండి, ఎంత అడిగితే అంత," అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే నా మోచేతి కింద ఎవరిదో చెయ్యి దూరింది. మా సేఠ్. "పదండి, కారులో దింపుతాను," అన్నాడు. దాదాపు ఇరవయ్యేళ్ల పరిచయంలో నేను ఆయన కారు ఎక్కడం అదే మొదలు.

కారు మా సందులోకి దూరలేదు, మలుపు దగ్గరే ఆగింది. నా భార్య ఎదురొచ్చింది.

"ఏటండీ, సేఠ్ కారులో వొచ్చేరు? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. నన్నెవరో ఎత్తుకుపోతారని ఆయనకి భయమట."

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వింది. ఆ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. తర్వాత, ఈమధ్య చెవులు సరిగా వినపడని మా నాన్నకి అర్థమయ్యేలా, సందు మొత్తం వినేలా గట్టిగా చెప్పింది:

"మావా! మీ అబ్బాయి కోసం సేఠ్‌లు కొట్టుకుంటన్నారు!"